పటంలో ముసలివాళ్ళేరీ?

ఉగాదికి మన సంఘం వారి చిన్న సమావేశం మా ఇంట్లో జరిగింది. పచ్చడి, పులిహోర, కవితలు చదవడం అన్నీ అయ్యాక, కోట్లు తొడుక్కుంటూ వెళ్ళబోతున్న పెద్దలు మా ముందు గదిలో సోఫా పైన వేలాడుతున్న పటం దగ్గర ఆగారు. "బాగుందండీ, ఎక్కడ కొన్నారు?" అని ఒకరు, "ఇంగ్లండంటే ఇదీ" అని ఇంకొకరు మెచ్చుకున్నారు. అది వారిక్ ఊళ్ళోని లార్డ్ లెస్టర్ హాస్పిటలు బొమ్మ. పందొమ్మిదో శతాబ్దం నాటి ఎన్‌గ్రేవింగు. పాత పుస్తకాల్లోంచి ఇలాంటి కాగితాలు విడదీసి, రంగులద్ది, ఫ్రేము కట్టి అమ్ముతుంటారు. నల్లటి దూలాలు, వాటి మధ్య తెల్లటి గోడలు, కాస్త ముందుకి ఒరిగినట్టుండే పై అంతస్తు. మావారు బేరమాడి మరీ కొన్నారు. మా సోఫా రంగుకి సరిపోయిందని నేనూ సంతోషించాను.

అందరూ వెళ్ళాక మా అమ్మ కళ్ళజోడు పెట్టుకుని పటం దగ్గరకి వెళ్ళింది. ఆవిడ ఆరు నెలల వీసా మీద వచ్చి మా దగ్గర ఉంటోంది.

"ఎవరి మేడే ఇది?"

"మేడ కాదమ్మా. పనిచెయ్యలేని ముసలి సిపాయిలు ఉండడానికి ఒక జమీందారు ఇచ్చిన ఇల్లు."

అమ్మ ఇంకాసేపు పరకాయించి చూసింది. మా పటంలో గొడుగులు పట్టుకున్న ఇద్దరు దొరసానులు, ఒక కుక్క, ఒక గుర్రబ్బండి ఉన్నాయి.

"మరి ముసలివాళ్ళేరీ?" అంది.

నాకు జవాబు తోచలేదు. నా ఉద్యోగమే ముసలివాళ్ళ వార్డులో. రెండేళ్ళుగా ఆ పటం కింద కూర్చుని టీ తాగుతున్నాను. ఆ ప్రశ్న నాకు ఒక్కసారీ రాలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కోవడమే. చిత్రకళలో నాకు పాండిత్యం లేదు. మనిషిని పరీక్షగా చూడడం మాత్రం వృత్తి కొంత నేర్పింది.

ముందు ఆమ్స్‌హౌసు అంటే ఏమిటో చెప్పాలి. మన ధర్మసత్రంలా అది దాత డబ్బుతో నడిచేదే. కాని సత్రంలో బాటసారి ఒకటి రెండు రోజులుండి వెళ్ళిపోతాడు, ఆమ్స్‌హౌసులో చేరిన ముసలివాడు చివరిదాకా ఉంటాడు. వాటిలో చాలావాటికి హాస్పిటలు అనే పేరుంది. ఆ మాటకి పాత అర్థం ఆతిథ్యమిచ్చే చోటు అని. వించెస్టరులో సెయింట్ క్రాస్ హాస్పిటలుని 1130ల్లో హెన్రీ ఆఫ్ బ్లువా అనే బిషప్పు స్థాపించాడు. అక్కడ ముసలి బ్రదర్లు నివసిస్తారు, దారిన పోయేవాడు అడిగితే ఓ రొట్టె ముక్కా కాస్త బీరూ ఇచ్చే ఆచారమూ ఉంది. వారిక్‌లోని ఇంటిని 1571లో రాబర్ట్ డడ్లీ పాత సిపాయిల కోసం ఏర్పాటు చేశాడు. ఇవేవీ అంతరించిన సంగతులు కావు. ఈ దేశంలో నేటికీ సుమారు 1,600 ఆమ్స్‌హౌసు సంస్థలున్నాయి, వాటిలో 36,000 మంది దాకా కాపురముంటున్నారు.

దీన్ని వర్క్‌హౌసుతో కలిపెయ్యకూడదు. వర్క్‌హౌసు 1834 నాటి పేదల చట్టం పెంచి పోషించిన సంస్థ. అక్కడ భార్యని ఒక వైపు, భర్తని ఒక వైపు ఉంచేవారు. అక్కడికి పోవడమంటే పరువు పోవడం. ఆమ్స్‌హౌసు యోగ్యుడని తేలిన పేదవాడికి, వర్క్‌హౌసు మిగిలిన అందరికీ అన్నమాట. 1948లో నేషనల్ హెల్త్ సర్వీసు వచ్చాక పాత వర్క్‌హౌసులు చాలా ఆస్పత్రులయ్యాయి. నేను పనిచేసిన ఒక ఆస్పత్రి వెనక భాగం అలాంటిదే. ఆ వార్డుకి మారుస్తామంటే కొందరు ముసలమ్మలు ఇప్పటికీ బెదురుతారు. వాళ్ళ అమ్మలు చెప్పిన మాటలు వాళ్ళకింకా గుర్తు. గోడకి కట్టుకోవడానికి ఆమ్స్‌హౌసు బొమ్మలు దొరికినంత విరివిగా వర్క్‌హౌసు బొమ్మలు దొరకకపోవడంలో ఆశ్చర్యం లేదు.

నా లెక్కలో ఈ పటాలు మూడు రకాలు: ఇల్లు కనిపించేవి, ఇచ్చినవాళ్ళు కనిపించేవి, ఉన్నవాళ్ళు కనిపించేవి.

మొదటి రకమే మా సోఫా మీది పటం. ఆమ్స్‌హౌసు బొమ్మ గోడ మీద ఎందుకంత బాగుంటుందంటే, ఆ ఇల్లే ఫ్రేములో ఒదగడానికి కట్టినట్టుంటుంది. వరసగా ఒకే కొలత తలుపులు, ఒక్కో ఇంటికో పొగగొట్టం, నడుమ చిన్న ప్రార్థనాలయం, ముందు పచ్చిక. రాజభవనంలా బెదిరించదు, గుడిసెలా జాలి పుట్టించదు. అంతా మనిషి కొలతకి కట్టింది. ఆ శాంతం అబద్ధమని నేననను. ముసలివాళ్ళ ఇల్లు అందంగా ఉండాలని కోరుకున్న దాతల్ని మెచ్చుకోవలసిందే. కాని బొమ్మ గీసినవాడు తలుపులన్నీ మూసేసి, ముందు దొరసానుల్ని నిలబెట్టాడు. ఆ ఇల్లు ఎవరికోసమో వాళ్ళు బయటికి రాకపోతేనే బొమ్మ చక్కగా ఉంటుందని ఆయనకి తోచింది. కొన్న మాకూ అలాగే తోచింది.

లండనులో ఈ సంగతికి పెద్ద ఉదాహరణ ఉంది. సర్ రాబర్ట్ జెఫ్రీ అనే వర్తకుడు వదిలివెళ్ళిన డబ్బుతో ఐరన్‌మాంగర్స్ కంపెనీ వారు 1714లో ఆమ్స్‌హౌసులు కట్టించారు. మొత్తం 14 ఇళ్ళు, ఇంటికి నాలుగు గదులు, గదికొక ముసలి ప్రాణి. ఆ స్థలాన్ని 1911లో అమ్మేసి, ఉన్నవాళ్ళని వేరే చోటికి తరలించారు. 1914లో అదే భవనం మ్యూజియం అయింది. మ్యూజియంలో పెట్టినవేమిటంటే, లండను మధ్యతరగతి వాళ్ళ ముందు గదులు! ఏ కాలంలో ఏ సోఫా, ఏ తెర, ఏ పటం ఉండేవో చూపించే గదులు. 2019 నుంచి దాని పేరు మ్యూజియం ఆఫ్ ది హోమ్. ఒక ఇంటిని మాత్రం అప్పటి ముసలివాళ్ళు బతికిన తీరులోనే సర్ది ఉంచారు, అంతవరకు మెచ్చుకోవాలి. పేదవాళ్ళ గదుల్లో మధ్యతరగతి గదులు కొలువు తీరడం అక్కడ జరిగింది. మధ్యతరగతి గదిలో పేదవాళ్ళ గదులు పటం కావడం మా ఇంట్లో జరిగింది.

అలాగని ఇళ్ళ బొమ్మలన్నీ వట్టి అలంకారాలే అని కొట్టిపారెయ్యలేం. లండను మైల్ ఎండ్ రోడ్డులో ట్రినిటీ హాస్పిటలు అని 1695 నాటి ఆమ్స్‌హౌసులున్నాయి. సముద్రం మీద బతికి చితికిపోయిన ఓడ కెప్టెన్లకీ వాళ్ళ వితంతువులకీ కట్టినవి. 1895లో వాటిని పడగొట్టాలని తలపెట్టారు. అప్పుడు సి. ఆర్. ఆష్‌బీ అనే వాస్తుశిల్పి మిత్రులతో కలిసి ఆ ఇళ్ళ కొలతలు తీయించి, బొమ్మలు వేయించి, చరిత్ర రాసి 1896లో పుస్తకంగా అచ్చువేశాడు. ఇళ్ళు నిలబడ్డాయి. సర్వే ఆఫ్ లండను అనే మహాగ్రంథమాలకి అదే అంకురం. అవీ ఇళ్ళ బొమ్మలే. కాని అవి ఆ గోడల్ని కాపాడడానికి గీసినవి, మా బొమ్మ మా గోడ నింపడానికి రంగులద్దినది. బొమ్మకి విలువ కట్టేటప్పుడు అది ఏ పనికోసం పుట్టిందో కూడా లెక్కలోకి రావాలి.

రెండో రకం ఇచ్చినవాళ్ళ పటాలు. వీటిలో శిఖరం లాంటివి హాలండులో హార్లెం ఊళ్ళో ఉన్నాయి. ఫ్రాన్స్ హాల్స్ 1664లో అక్కడి ముసలివాళ్ళ ఆమ్స్‌హౌసు నిర్వాహకుల్ని ఒక పటంలో, నిర్వాహకురాళ్ళని మరో పటంలో చిత్రించాడు. అప్పటికి ఆయన వయసు ఎనభై దాటిందంటారు. ఆయన చేతిలో డబ్బు లేదు. ఆ ఏడే పురపాలక సంఘం వారు ఆయనకి ఏటా 200 గిల్డర్ల భృతి ఏర్పాటు చేశారు. ఆయన ఆ ఆమ్స్‌హౌసులోనే ఉండేవాడనీ, కసితో నిర్వాహకుల్ని వికారంగా వేశాడనీ పుట్టిన కథ నిజం కాదు.

మగవాళ్ళ పటంలో ఒకాయన టోపీ ఓరగా ఉంటుంది, ముఖం సడలినట్టుంటుంది. తాగి ఉన్నాడని కొందరు అన్నారు. కాదు, అది ముఖ పక్షవాతం కావచ్చునని వైద్యుల అభిప్రాయం తెచ్చి ఒక పండితుడు సమర్థించాడు. జాన్ బెర్జర్ 1972లో 'వేస్ ఆఫ్ సీయింగ్' పుస్తకంలో ఈ సమర్థనని ఎద్దేవా చేశాడు. పేదవాడైపోయిన ముసలి చిత్రకారుడు తనలాంటి వాళ్ళకి దానం చేసే అధికారుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూశాడనే అసలు నాటకాన్ని ఇలాంటి వివరణలు కప్పిపుచ్చుతున్నాయని ఆయన వాదం.

డాక్టరుగా నేను బెర్జరు పక్షమే. పటంలోని మనిషికి రోగనిర్ణయం చెయ్యడం మాకు సరదా. అది చూడకుండా తప్పించుకునే పద్ధతి కూడా. వార్డులో మేమూ చేస్తాం: రోగం పేరు దొరకగానే ముఖం చూడడం మానేస్తాం. నిర్వాహకురాళ్ళ పటం చూడండి. నలుగురు పెద్దమనిషి తరహా స్త్రీలు, వెనక ఒక పరిచారిక. నల్లటి బట్టల్లోంచి ముఖాలూ చేతులూ మాత్రం వెలుగుతుంటాయి. అందులో పొగడ్త లేదు, తిట్టూ లేదు. దానం చేసేవాళ్ళు దానం పుచ్చుకునేవాడి కంటికి ఎలా ఉంటారో అలా ఉన్నారు. ఇక్కడ మా అమ్మ ప్రశ్నకి నాకు మొదటి జవాబు దొరికింది. ముసలివాళ్ళేరీ అంటే, ఈ పటంలో కుంచె పట్టుకున్నవాడే ముసలివాడు.

ఆ ఆమ్స్‌హౌసు భవనమే 1913 నుంచి ఫ్రాన్స్ హాల్స్ మ్యూజియం. నిర్వాహకుల ముఖాలు ఇంకా అక్కడే ఉన్నాయి. వాళ్ళ పోషణలో బతికిన ముసలివాళ్ళకి మాత్రం హాల్స్ చేతి పటం లేదు.

దాతల విగ్రహాలకీ ఇదే వర్తిస్తుంది. ఇందాక చెప్పిన జెఫ్రీ గారి విగ్రహం ఆ ఆమ్స్‌హౌసుల గుమ్మం పైన ఉంది. ఆయన సొమ్ములో బానిసల వ్యాపారపు లాభం కలిసి ఉందని 2020లో పెద్ద వివాదం నడిచింది. మన వైపు డొక్కా సీతమ్మ గారి సంగతి తెలియనివారుండరు. 1841లో పుట్టి 1909లో కాలంచేసిన ఆ తల్లి కోనసీమలో లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చినవారికీ అన్నం పెట్టింది. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకానికి ఆవిడ ఫోటో కావాలని కబురొస్తే, ఫోటో కోసం చేస్తున్న పని కాదని ఆవిడ ఒప్పుకోలేదనీ, ఫోటో లేకపోతే తన ఉద్యోగం పోతుందని అధికారి మొరపెట్టుకుంటే అతని కోసం కూర్చుందనీ చెప్పుకుంటారు. ఆ కథలో నాకు నచ్చేది చక్రవర్తి కాదు, ఆవిడ సంకోచం. అయినా ఆవిడ విస్తట్లో తిన్నవాళ్ళ ఫోటో మనకీ లేదు.

మూడో రకం, ఉన్నవాళ్ళ పటాలు. వీటికి మేము ఉంటున్న ఈ వాయవ్య ఇంగ్లండు పుట్టిల్లు లాంటిది. హ్యూబర్ట్ ఫాన్ హెర్కోమర్ గీసిన రెండు గొప్ప పటాలు లివర్‌పూల్ చుట్టుపక్కలే ఉన్నాయి. ఈయనా మనలాగే వలస మనిషి. 1849లో బవేరియాలో పుట్టి, పసితనంలో తల్లిదండ్రులతో అమెరికా వెళ్ళి, అక్కడినుంచి 1857లో సౌతాంప్టన్ చేరాడు.

మొదటిది 1875 నాటి 'ద లాస్ట్ మస్టర్'. పోర్ట్ సన్‌లైట్‌లో లేడీ లీవర్ గ్యాలరీది. చెల్సీ రాయల్ హాస్పిటలులో ముసలి సిపాయిలు ఆదివారం ప్రార్థనకి కూర్చుని ఉంటారు. ఎర్రకోట్లు, తెల్లజుట్లు, వరసలు వరసలుగా ముఖాలు. వాళ్ళలో ఒకాయన ప్రాణం అప్పుడే పోయింది. పక్కనున్న నేస్తం అనుమానపడి మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నాడు. మిగతావాళ్ళకింకా తెలియదు. నేను మొదటిసారి చూసినప్పుడు నా కన్ను తిన్నగా ఆ చేతి మీదకే పోయింది. ఆ పట్టు నాకు తెలుసు. సమాధానం ముందే తెలిసినవాడు పట్టుకునే పద్ధతి అది. పటంలో కొంత నాటకం ఉంది, ఒప్పుకుంటాను. ఎర్రకోట్ల వల్ల చావు కూడా పండగలా కనిపిస్తుంది. కాని వెనక వరసలో ముఖం కూడా అలంకారం కోసం నింపింది కాదు. ప్రతివాడూ ఒక మనిషే.

రెండోది 1878 నాటి 'ఈవెన్‌టైడ్', లివర్‌పూల్ వాకర్ గ్యాలరీది. ఇది ఆమ్స్‌హౌసు కాదు, లండనులోని వెస్ట్‌మిన్‌స్టర్ వర్క్‌హౌసు. పెద్ద బోసి హాలు, ఒక మూల బల్ల చుట్టూ కుట్టుపని చేసుకుంటున్న ముసలమ్మలు. ఇదే దృశ్యాన్ని ఆయన ముందుగా 1877లో 'ద గ్రాఫిక్' పత్రికకి గీశాడు. రంగుల పటానికి వచ్చేసరికి బల్ల మీద టీ సరంజామా, పూలు చేరి కొంత మెత్తబడింది. కొనేవాళ్ళ ఇళ్ళు గుర్తొచ్చాయేమో! అయినా ఆ హాలు వైశాల్యం మెత్తబడలేదు. అంత చోటులో ఒక్క మూల కూడా ఆ ముసలమ్మలది కాదు. ఎర్రకోట్లు లేని ముసలితనం ఇలా ఉంటుంది.

ఆ 'గ్రాఫిక్' బొమ్మల్ని కత్తిరించి, అట్టలకి అంటించి, తన గదిలో పెట్టుకున్న పేదవాడొకడు హాలండులో ఉండేవాడు. ఆయన పేరు విన్సెంట్ వాన్‌గో. 1882లో హేగ్ నగరంలో ఉన్నప్పుడు, అక్కడి ముసలివాళ్ళ ఆశ్రమం నుంచి ఒకాయన్ని పిలిపించుకుని పదే పదే గీశాడు. బట్టతల, చెంపల మీద తెల్లటి గడ్డం. ఒకసారి గొడుగుతో, ఒకసారి పొడుగు టోపీతో, ఒకసారి కుర్చీలో కూర్చుని పిడికిళ్ళలో ముఖం దాచుకుని. ఈ చివరి భంగిమనే 1890లో నీలి దుస్తుల్లో రంగుల పటంగా మళ్ళీ వేశాడు. దాని నకళ్ళు ఇవాళ ప్రపంచమంతా ఇళ్ళల్లో వేలాడుతున్నాయి. కొన్నవాళ్ళకి అది 'దుఃఖం' బొమ్మ. కాని కూర్చున్నది దుఃఖం కాదు, ఒక మనిషి. ఆశ్రమం వారు దుస్తుల చేతికి కుట్టిన 199 అనే అంకెని వాన్‌గో వదలకుండా గీశాడు. ఆ అంకె పట్టుకునే పరిశోధకులు ఆయన్ని గుర్తించగలిగారు. ఆయన పేరు ఆడ్రియానస్ జాకోబస్ జౌడర్‌లాండ్.

ఇక్కడ నాకు మా వార్డు గుర్తొచ్చింది. మా రోగుల మణికట్టుకీ అంకె ఉంటుంది, పక్కన పేరూ ఉంటుంది. వృద్ధుల వైద్యం ఈ దేశంలో మొదలైనదే ఇలాంటి చూపుతో. 1935లో మార్జరీ వారెన్ అనే డాక్టరుకి పాత వర్క్‌హౌసు వార్డులు అప్పగించారు. 714 మంది రోగులు, చాలామంది ఏళ్ళ తరబడి మంచం దిగనివాళ్ళు. ఆవిడ ఒక్కొక్కరినీ పరీక్షించింది. ఎంతోమందిని లేపి నడిపించింది, కొందరిని ఇంటికి పంపింది. తరువాతి కాలంలో ఈ విభాగానికి ఇక్కడి డాక్టర్లు ముఖం చాటేస్తే, వచ్చి చేరినవాళ్ళలో మనవాళ్ళు చాలామంది. అక్కడ చేరిన మనకి, ముసలివాళ్ళు లేని పటం నచ్చిందంటే ఆలోచించుకోవలసిందే.

నా తీర్పు ఇది. ఆమ్స్‌హౌసు పటం ఇంట్లో కట్టుకోవడం తప్పు కాదు. కాని తలుపులు మూసిన ఇల్లు ఒక్కటే వేలాడదీస్తే సగం పటమే కొన్నట్టు. వారిక్ బొమ్మని నేను తీసెయ్యలేదు. దాని పక్కన, గొడుగు పట్టుకున్న జౌడర్‌లాండ్ నకలు ఒకటి కట్టాను. కింద పేరు తెలుగులో రాశాను. సోఫా రంగుకి అది సరిపోలేదు.

అమ్మ చూసి, "ఈయన్ని ఇప్పుడు చూస్తున్నాను" అంది. తర్వాత ఎదురు గోడ మీదున్న నాన్న ఫోటో వైపు చూసింది. గంధపు దండ వేసిన ఫోటో. "మన ఇళ్ళల్లో ముసలివాళ్ళు పోయాకే గోడెక్కుతారు" అంది నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. 2012 జూలైలో మారిన నిబంధనల ప్రకారం, రోజువారీ అవసరాలకి కూడా మరొకరి మీద ఆధారపడే స్థితి వచ్చి, ఆ సంరక్షణ స్వదేశంలో దొరకదని రుజువైతే తప్ప తల్లిదండ్రుల్ని ఇక్కడ స్థిరంగా ఉంచుకోవడానికి వీల్లేదు. అమ్మ తన పనులు తాను చేసుకుంటుంది, దేవుడి దయవల్ల. కనుక ఆరు నెలలు కాగానే వెళ్ళిపోతుంది. నేను వార్డుకి వెళ్ళి ఇతరుల అమ్మల్ని చూసుకుంటాను. మనలో చాలామంది ఇళ్ళల్లో ఇదే కథ కాబట్టి ఇంతకంటే రాయను.

సంఘం వారికి ఒక మనవి. వచ్చే సమావేశానికి ఎవరింట్లోంచి వారు ఒక ముసలివాళ్ళ ఫోటో తీసుకురండి, బతికున్నవాళ్ళదైతే మరీ మంచిది. వెనకవైపు పేరు, ఊరు, పుట్టిన ఏడు పెన్సిలుతో రాయండి. సిరా ముందువైపుకి ఊరుతుంది. అమ్మ ఫోటో నిన్ననే తీశాను. పేరు ఆవిడే రాసుకుంది.